పీత డెక్కల్లో ఇనుము

మొక్కలు పెంచే అక్వేరియంలో ఎరువు పొద్దున వెయ్యాలా, రాత్రి లైట్లు ఆర్పాక వెయ్యాలా అని ఒకరు అడిగారు. నైట్రేట్, ఫాస్ఫేట్, పొటాషియం సంగతైతే ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు వెయ్యండి. దొరికినప్పుడు మొక్క కాస్త ఎక్కువే లాగి దాచుకుంటుంది, నైట్రేట్‌నైతే కణాల్లో సంచుల్లాంటి రిక్తికల్లో నింపుకుంటుంది. మీరు రెండు రోజులు మర్చిపోయినా దానికేం టెన్షన్ ఉండదు. పేచీ అంతా ఇనుముతోనే.

బళ్లో తుప్పు పాఠానికి మేకు ఒకటి చూపించి వదిలేస్తారు కాబట్టి తుప్పంటే మనకు మేకే గుర్తొస్తుంది గానీ, నీళ్లలో కరిగిన ఇనుము కూడా ఆక్సిజన్ తగిలితే తుప్పే అయి అడుక్కు దిగిపోతుంది. అందుకే ఎరువు సీసాలో దాన్ని కీలేట్ రూపంలో, అంటే ఇంకో అణువు డెక్కల్లా పట్టి ఉంచిన రూపంలో పెడతారు. గ్రీకులో పీత డెక్కకున్న మాట నుంచి 1920లో మోర్గాన్, డ్రూ అనే రసాయన శాస్త్రవేత్తలు పెట్టిన పేరిది. పీతకు రెండే డెక్కలు, ఇలా పట్టుకునే అణువుల్లో ఒకటైన ఈడీటీఏ మాత్రం ఇనుప అయాన్‌ను ఆరు చోట్ల పట్టుకుంటుంది. అయినా వదిలేస్తుంది! పీహెచ్ 6.5 దాటేకొద్దీ హైడ్రాక్సైడ్ అయాన్లు ఇనుమును లాగేస్తుంటాయి, కఠినజలమైతే ఖాళీ అయిన డెక్కల్లో కాల్షియం వచ్చి కూర్చుంటుంది. డీటీపీఏ అనే ఇంకో అణువు పట్టు 7.5 దాకా ఆగుతుంది. ఈడీడీహెచ్ఏ ఇంకా పైదాకా వదలదు, కానీ నీళ్లు ఎర్రబడతాయి, ఆ రంగు నాకు నచ్చదు.

ఇక వెలుతురు. నీలి కాంతి, అంతకన్నా ఎక్కువగా అతినీలలోహిత కాంతి పడితే డెక్కలోని ఎలక్ట్రాన్ ఒకటి ఇనుములోకి దూకుతుంది, డెక్క విరుగుతుంది, ఫెర్రిక్ ఇనుము (మూడు ఎలక్ట్రాన్లు పోయిన రూపం) ఫెర్రస్‌గా (రెండే పోయిన రూపం) మారి బయటపడుతుంది. నష్టంలా కనిపిస్తుంది గానీ చాలా మొక్కలు లోపలికి తీసుకునేది ఈ ఫెర్రస్ రూపాన్నే, అంటే డెక్క విరగడమే వడ్డన. కాకపోతే వడ్డించింది విస్తట్లో ఎక్కువసేపు ఉండదు, ఆక్సిజన్ దాన్ని మళ్లీ ఫెర్రిక్ చేసేస్తుంది. ఆ వేగం హైడ్రాక్సైడ్ గాఢత వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి, మన ట్యాంకుల్లో ఉండే పీహెచ్‌ల దగ్గర ఒక్క అంకె పెరిగితే వేగం దాదాపు 100 రెట్లవుతుంది. 10 కాదు, 100.

మరి పీహెచ్ ఎప్పుడు తక్కువ? రాత్రంతా చేపలు, మొక్కలు, బ్యాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో పోగై, తెల్లారేసరికి పీహెచ్‌ను కిందికి దించుతుంది. పగలు మొక్కలు ఆ గ్యాస్ వాడుకునేకొద్దీ పైకెక్కుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టినవాళ్లు లైట్లకు ఓ గంట ముందే గ్యాస్ తెరుస్తారు, కాబట్టి అక్కడా లైట్లు వెలిగే వేళకు పీహెచ్ తగ్గే ఉంటుంది. ఎలా చూసినా ఇనుముకు వేళ అదే.

ఫాస్ఫేట్‌ను మాత్రం దాంతో కలిపి పొయ్యకండి, రెండూ జతకట్టి కరగని పొడిగా మారొచ్చు. అక్వేరియం మొక్కల నిపుణుడు టామ్ బార్ ప్రచారంలోకి తెచ్చిన ఎస్టిమేటివ్ ఇండెక్స్ పద్ధతిలో ఒకరోజు నైట్రేట్, ఫాస్ఫేట్, మర్నాడు ఇనుము లాంటి సూక్ష్మపోషకాలు వేసి, వారానికోసారి సగం నీళ్లు మారుస్తారు. మొక్కలు అసలేమీ తినకపోయినా నీళ్లలో పోగు వారం వారం 1, 1.5, 1.75 మోతాదులంటూ పెరిగి వారం మోతాదుకు రెండింతలు దాటదు. నీళ్లు మార్చిన రోజు ఎరువు తర్వాతే వెయ్యాలని వేరే చెప్పక్కర్లేదు. ఎరువు వేస్తే నాచు పడుతుందన్నది ఎంత చెప్పినా పోని మూఢనమ్మకం. నాచుకు ఎక్కువసార్లు కారణం మితిమీరిన వెలుతురు, తిండిలేక నీరసించిన మొక్కలు.

నైట్రోజన్ తగ్గితే మొక్క ముసలాకుల్లోంచి తీసి లేతాకుకు పెడుతుంది, ముసలాకు పసుపెక్కుతుంది. ఇనుము అలా కదలదు, తగ్గితే లేతాకే పాలిపోతుంది, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అందుకే నేను ఫాస్ఫేట్ రాత్రికి వదిలేసి, ఇనుమును వారానిదంతా ఒకేసారి కుమ్మరించకుండా రోజూ కాస్తంత, లైట్లు వెలిగే వేళకు వేస్తాను. రొయ్యలుంటే కొలత అస్సలు తప్పకండి, ఆ సీసాలో సాధారణంగా ఎక్కువైతే రొయ్యలకు విషమయ్యే రాగి కూడా ఉంటుంది.