స్విచ్ నొక్కే జెల్

అనంతపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

మోటారు లేకుండా స్విచ్ నొక్కే పరికరం జెల్‌తో చేయొచ్చు. డైపరు కోసి దులిపితే రాలే తెల్ల పొడి, సోడియం పాలిఅక్రిలేట్, నీళ్లు తాగి ఉబ్బి ఎదురున్న దాన్ని నెడుతుంది. పొడి గాలికి లేస్తుంది, దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

0.1 గ్రాము పొడిని పలుచని నూలు గుడ్డలో వదులుగా మూట కట్టండి. బిగిస్తే ఉబ్బే చోటుండదు. 5 మి.లీ. కొత్త సిరంజి తీసుకుని, లోపలి కడ్డీ చివరి రబ్బరు పీకేయండి. అది ఉంటే జెల్ బలమంతా రాపిడికే పోతుంది. కాల్చిన సూదితో గొట్టం అడుగున పది పదిహేను రంధ్రాలు పెట్టండి, పెద్దవాళ్లను దగ్గరుంచుకుని. మూట అడుగున, దానిపై కడ్డీ, కడ్డీ తలకెదురుగా పొడవాటి లివరున్న మైక్రోస్విచ్ (కాస్త నొక్కితేనే పనిచేసే బుల్లి స్విచ్). స్విచ్‌ను గట్టిగా బిగించాలి, లేకుంటే జెల్ స్విచ్‌నే నెట్టుకుపోతుంది. 5 వోల్టులు, 220 ఓముల రెసిస్టరు, ఎర్ర ఎల్ఈడీ, స్విచ్ ఒకే వరుసలో కలపండి. సుమారు 14 మిల్లీ ఆంపియర్లు పారతాయి. ఇక సిరంజి అడుగు నీళ్లలో ముంచండి, వైర్లు మాత్రం తడవకూడదు.

అసలు చిక్కు మన నీళ్లతోనే. జెల్‌లో పొడవాటి గొలుసుల్లాంటి అణువులుంటాయి. ఆ గొలుసుల మీద రుణావేశం, వాటి వెంట సోడియం అయాన్లు (ధనావేశమున్న సోడియం కణాలు) ఉంటాయి. లోపల అయాన్లు ఎక్కువ కాబట్టి బయటి నీరు లోపలికి చొరబడుతుంది. బోరు నీళ్లలోని కాల్షియంకు రెండు ధనావేశాలు. అది రెండు గొలుసులను పట్టి కట్టేస్తుంది, జెల్ సగంలోనే ఆగిపోతుంది. తర్వాత మంచి నీళ్లు పోసినా తేలిగ్గా లేవదు. అందుకే ఆర్ఓ నీళ్లు వాడండి. చెంచాడు ఉప్పు కలిపితే బయట అయాన్లు పెరిగి జెల్ నీళ్లు వదిలి ముడుచుకుంటుంది. కానీ కడ్డీని వెనక్కి లాగలేదు, దానికి రబ్బరు బ్యాండు కట్టాలి.

పొడికి బదులు గోళీల్లా ఉండే జెల్ మాత్రం వద్దు. ఎందుకంటే, నీరు లోపలిదాకా పాకడానికి పట్టే కాలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. పదింతలు సన్నబడితే నూరింతలు వేగం. జెల్ మందం వెంట్రుకంత చేస్తే సెకన్లలో పని చేస్తుంది. 2000లో అమెరికాలో శాస్త్రవేత్త డేవిడ్ బీబీ బృందం సన్నని ద్రవ కాలువల్లో జెల్ కవాటాలు పెట్టింది ఈ బలంతోనే.

వేడికి ముడుచుకునే జెల్ కూడా ఉంది, పాలి ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్. 150 ఓముల రెసిస్టరుకు 5 వోల్టులిస్తే 0.17 వాట్ల వేడి పుడుతుంది, చిన్న జెల్ ముక్కకు చాలు. కానీ అది ముడుచుకునేది 32 డిగ్రీల దగ్గర. మే నెలలో మన గదే అంతకు మించి ఉంటుంది, హీటరు వేయకముందే జెల్ ముడుచుకుని కూర్చుంటుంది. తయారీలో కాస్త అక్రిలమైడ్ కలిపి ఆ హద్దు పైకి జరపొచ్చు. అక్రిలమైడ్ నరాలకు విషం, కాబట్టి ఆ పని కాలేజీ ల్యాబులో, చేతితొడుగులతో, గురువుల ఎదుటే.

వాడిన జెల్ సింకులో పోయకండి, గొట్టంలో ఉబ్బి అడ్డుపడుతుంది. ఎండబెట్టి చెత్తలో వేయండి. చంటిపిల్లల చేతికి అందనివ్వకండి. మింగితే కడుపులో ఉబ్బి పేగులు మూసుకుపోవచ్చు.

మీ తాత