పాత తుపాకీ సైట్లు చెన్నై సంతకు ఎలా చేరాయి

పల్లావరం శుక్రవారం సంతలో పాత ఫ్యాన్లు, పాడైన కెమెరాలు, తాళం చెవుల గుత్తుల మధ్య అప్పుడప్పుడూ ఒక బరువైన గొట్టం కనబడుతుంది. రెండు చివరలా అద్దాలు, మధ్యలో తిప్పే బిళ్ల, ఆ బిళ్ల మీద అంకెలు. అమ్మేవాడు దాన్ని టెలిస్కోప్ అంటాడు, కొనేవాడు షోకేసులో పెట్టుకునే ఇత్తడి వస్తువు అనుకుంటాడు, కానీ అది ఒకప్పుడు సైన్యం తుపాకీ మీదో ఫిరంగి మీదో బిగించిన గురిచూపు సైటు అయ్యే అవకాశం ఉంది. అలాంటిది చేతికి దొరికిన తెలుగు మిత్రులు ఫొటో పంపి అడిగేది ఒకటే: ఇది ఒరిజినలా, డూప్లికేటా? నా దృష్టిలో దానికంటే పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంది. ఒరిజినల్ అయినా దాని మీద గుర్తులు మిగిలాయా? గుర్తులు పోతే అది ఏ దేశానిదో, ఏ తుపాకీదో, ఏ సంవత్సరందో చెప్పే దారి దాదాపు మూసుకుపోతుంది. మన బజార్లలో అద్దం పగిలి పాడైన సైట్ల కంటే చింతపండు పెట్టి తోమి మెరిపించడం వల్ల పాడైనవే ఎక్కువ.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. దుర్భిణులతో, కొలత పరికరాలతో మద్రాసుకు ఉన్న సంబంధం పాతది. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే సైన్యాధికారి దేశాన్ని కొలిచే తన మహా సర్వే కోసం బేస్‌లైన్ (లెక్కలన్నిటికీ ఆధారమైన మొదటి గీత) కొలవడం మొదలుపెట్టింది సెయింట్ థామస్ మౌంట్ దగ్గరే. అతని పెద్ద థియోడొలైట్, అంటే కోణాలు కొలిచే దుర్భిణి పరికరం, అర టన్ను బరువు, 1808లో తంజావూరు గుడి గోపురం ఎక్కిస్తుంటే తాడు తెగి దెబ్బతింది, దాన్ని లండన్‌కు పంపకుండా ఇక్కడే బాగుచేసుకున్నారు. తర్వాత అదే సర్వేను నడిపిన జార్జ్ ఎవరెస్ట్ 1830లో హెన్రీ బారో అనే పనివాణ్ణి ఇంగ్లండ్ నుంచి తెచ్చి కలకత్తాలో పరికరాల వర్క్‌షాప్ నడిపించాడు. బారో వెళ్లిపోయాక ఆ బాధ్యత తీసుకున్నది ఆర్కాట్‌కు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్. ఈయన పేరు మన స్కూలు పుస్తకాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు. ఆ వర్క్‌షాపే పెరిగి మ్యాథమెటికల్ ఇన్‌స్ట్రుమెంట్ ఆఫీస్ అయింది, రెండో ప్రపంచ యుద్ధంలో 1943లో డెహ్రాడూన్‌లో సైన్యం కోసం పరికరాల ఫ్యాక్టరీ పెట్టడానికి కావలసిన అనుభవం చాలావరకు అక్కడిదే.

తుపాకీ మీద దుర్భిణి పెట్టడానికీ మన దేశంతో ఒక ముడి ఉంది. ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో పనిచేసిన డేవిడ్ డేవిడ్సన్ తయారుచేసిన సైటు అమెరికా అంతర్యుద్ధంలో విట్‌వర్త్ రైఫిళ్ల మీదికి ఎక్కింది. అయినా 1914 దాకా బ్రిటిష్ సైన్యం ఈ వ్యవహారాన్ని వేటగాళ్ల సరదాగానే చూసింది. జర్మన్లు అలా చూడలేదు. వాళ్లకు జైస్, గోర్జ్ లాంటి దుర్భిణుల కంపెనీలు ఉన్నాయి, యేనా ఊళ్లో షాట్ కంపెనీ గాజు ఉంది. బ్రిటన్ తనకు కావలసిన ఆప్టికల్ గాజులో ఎక్కువ భాగం ఆ జర్మనీ నుంచే కొనేది, యుద్ధం మొదలైన రోజే ఆ సరఫరా ఆగిపోయింది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవులో బర్మా ఆయిల్ ట్యాంకుల మీద గుళ్లు కురిపించిన సంగతి ఈ ఊళ్లో అందరికీ తెలుసు. సరిగ్గా ఆ నెలల్లోనే ఇంగ్లండ్‌లో లేడీ రాబర్ట్స్ పేరుతో ఒక నిధి నడిచింది. గుర్రప్పందాలకు తీసుకెళ్లే బైనాక్యులర్లు, వేట దుర్భిణులు సైన్యానికి అరువివ్వండి, యుద్ధం అయ్యాక తిరిగిస్తాం అని జనాన్ని అడిగారు, ఒక్కోదాని మీద నంబరు చెక్కారు. నంబరు చెక్కిన పాత బైనాక్యులర్ దొరికితే పారేయొద్దని నేను ఊరికే చెప్పను.

రెండో యుద్ధానికి వచ్చేసరికి లెక్క మారింది. 1942లో లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్‌కు స్నైపర్ రూపం ఇచ్చి, నంబర్ 32 సైటు బిగించారు. మూడు రెట్లు దగ్గరగా చూపిస్తుంది, కిలో దాకా బరువు, అసలు దాన్ని మొదట బ్రెన్ అనే మెషిన్ గన్ కోసం అనుకున్నారు. లోపల చూస్తే కింది నుంచి లేచిన ఒక మొనదేలిన స్తంభం, దానికి అడ్డంగా సన్నని తీగ. పైన ఉండే డ్రమ్ము మీద వెయ్యి గజాల దాకా దూరాలు. ఇక్కడ ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఒక్కో సైటును ఒక్కో రైఫిల్‌కు జత చేసి సరిచూసేవాళ్లు. సైటు నంబరు రైఫిల్ కర్ర మెడ దగ్గర కొట్టేవాళ్లు, రైఫిల్ నంబరు సైటును పట్టుకునే బ్రాకెట్ మీద ఉండేది, సైటు పెట్టుకోవడానికి రేకు డబ్బా, మొత్తం సామానుకు చెక్కపెట్టె. నాలుగూ కలిసి ఒక వస్తువు. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యం కూడా ఈ రైఫిళ్లు వాడింది.

ఆ జత విడిపోయింది యుద్ధం తర్వాత. 1946లో అమెరికాతో జరిగిన ఒప్పందంలో ఇక్కడ మిగిలిన వాళ్ల యుద్ధ సామాను భారత ప్రభుత్వం చేతికి వచ్చింది, బ్రిటిష్ సామాను ఎలాగూ ఉంది. టైర్లు, టెంట్లు, జీపులు, రేడియోలు, దుర్భిణులు అన్నీ డిస్పోజల్స్ పేరుతో వేలానికి వెళ్లాయి. తుపాకీలను అమ్మరు, విరగ్గొడతారు లేదా దాస్తారు. సైటు మాత్రం పరికరం కిందికో, మామూలు తుక్కు కిందికో పోయింది. వేలంలో లాట్ కొన్నవాడు కాటా మీద తూచి ఇత్తడి రేటు కట్టాడు. వాడికి నంబరుతో ఏం పని? మద్రాసులో ఇలాంటి పాత సామానుకు పెద్ద దిక్కు 1900లో తెరిచిన మూర్ మార్కెట్. 1985 మే 30న అది కాలిపోయింది. పుస్తకాలు పోయాయని అందరూ బాధపడ్డారు, సరైన బాధే, కానీ ఏ సామాను ఏ వేలం నుంచి వచ్చిందో నోటి లెక్కగా చెప్పగలిగిన వ్యాపారులు కూడా ఆ దెబ్బతో చెల్లాచెదురయ్యారు. ప్రభుత్వ కొనుగోళ్లు, అమ్మకాలు చూసిన డీజీఎస్ అండ్ డీ అనే కేంద్ర శాఖ 2017లో మూతపడింది, ఇప్పుడు ప్రభుత్వ తుక్కు వేలాలు ఎక్కువగా ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా ఆన్‌లైన్‌లో నడుస్తాయి.

ఈ ఖాళీలోకి నకిలీలు వచ్చాయి. గంగా కాలువ పనుల రోజుల నుంచి రూర్కీలో పరికరాల తయారీ ఉంది, మంచి పనివాళ్లు ఉన్నారు, ఇప్పుడు అక్కడ అలంకరణ కోసం ఇత్తడి దుర్భిణులు, దిక్సూచులు చేస్తారు. అలంకరణ వస్తువుగా అమ్మితే తప్పేం లేదు. దాని మీద పాత లండన్ కంపెనీ పేరు చెక్కి, యుద్ధకాలపు సరుకు అని అంటగడితేనే తప్పు. వీటిలో ఎక్కువగా కనబడేది 'కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917' అన్న చెక్కుడు. కెల్విన్ కంపెనీ, హెన్రీ హ్యూస్ కంపెనీ కలిసి ఒకటైంది 1947లో. 1917లో ఆ పేరుతో కంపెనీయే లేదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ఒరిజినల్ సైటు ఇంత అందంగా ఉండదు. నల్ల పెయింటు పెచ్చులు లేచి ఉంటుంది, చేతులు తగిలే అంచుల్లో మాత్రం ఇత్తడి బయటపడి ఉంటుంది, రాతలు చిన్నవిగా, పనికొచ్చే చోట మాత్రమే ఉంటాయి. మొదట బాణం గుర్తు వెతకండి. వట్టి బాణం బ్రిటన్‌ది, బాణం కింద ఇంగ్లిష్ 'ఐ' అక్షరం ఉంటే భారత ప్రభుత్వానిది, 'సి' అక్షరం లోపల బాణం ఉంటే కెనడాది. జర్మన్ సైటు మీద రెండో యుద్ధకాలంలో కంపెనీ పేరు రాయలేదు, మూడు చిన్న అక్షరాల కోడ్ వేశారు: 'బీఎల్‌సీ' అంటే జైస్, 'సీఏడీ' అంటే వియన్నా కాలెస్, 'డీడీఎక్స్' అంటే ఫోక్ట్‌లెండర్. ఆ తర్వాత లైటు కింద లెన్స్‌ను వాల్చి చూడండి. అద్దం మీద నీలం, ఊదా ఛాయ కనబడితే అది మెరుపు తగ్గించే పూత, జైస్ కంపెనీలో స్మకులా అనే శాస్త్రవేత్త 1935లో కనిపెట్టింది. మొదటి యుద్ధం నాటిదని చెప్పే సైటుకు ఆ ఛాయ ఉంటే లెన్స్ తర్వాత మార్చారన్నమాట, లేదా చెప్పేది అబద్ధం. లోపల సాలెగూడులా కనబడేది చెన్నై తేమ వల్ల పట్టిన ఫంగస్. అంచు నుంచి ఇంద్రధనుస్సు రంగులు పాకుతుంటే రెండు అద్దాలను అతికించిన బాల్సమ్ అనే జిగురు విడిపోతోందని. ఈ రెండూ బాగయ్యేవే, తెలిసిన చేతిలో పడితే. ఇంట్లో స్క్రూడ్రైవర్ పెట్టి విప్పితే మాత్రం క్రాస్ తీగ తెగుతుంది, అద్దాల వరుస మారుతుంది.

రెండు జాగ్రత్తలు. పాత దిక్సూచుల్లో, కొన్ని సైట్లలో చీకట్లో వెలగడానికి రేడియం పెయింటు వాడారు. ఇప్పుడు వెలగట్లేదు కదా అని గీకకండి, వెలుగిచ్చే పదార్థం అరిగిపోయినా రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది, ఆ పొడి ఊపిరిలోకి వెళ్తే ప్రమాదం. పిల్లలకు అందనివ్వకండి. రెండోది చట్టం. తుపాకీగా పనికిరాని పాతకాలపు ఆయుధాలకు 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, సైటుతో పాటు రైఫిల్ ముక్క ఏదైనా వస్తే, లేదా నైట్ విజన్ లాంటి కొత్తరకం సామాను ఎవరైనా చూపిస్తే, కొనకముందే పోలీసు కమిషనర్ ఆఫీసులో ఆయుధ లైసెన్సుల విభాగాన్ని అడగండి. వందేళ్లు దాటినవి దేశం బయటికి పంపే ఆలోచన ఉంటే 1972 పురావస్తువుల చట్టం కూడా చూసుకోవాలి.

ఇక ఆవడి చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ఒక మాట. సైన్యంలో యంత్రాలు, పరికరాలు బాగుచేసే ఈఎమ్ఈ విభాగంలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌లుగా చేసి రిటైరైనవాళ్లు మీ ఇళ్లలోనో, మీ వీధిలోనో ఉండొచ్చు. ఏ సైటు ఎలా విప్పాలో, ఏ నంబరు ఎక్కడ కొట్టేవాళ్లో వాళ్లకు చేతులతో తెలుసు. సంతలో కొన్నది ముందు వాళ్లకు చూపించండి, తోమడం తర్వాత సంగతి. చూపించేముందు ప్రతి వైపు నుంచి ఫొటో తీసి, కనబడిన ప్రతి అంకె, అక్షరం ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి, కొన్న తేదీ, కొన్న చోటు వేసి సైటుతో పాటే ఉంచండి.