సెట్టింగుల ఫైళ్ల తగవు: 2005లో తేలకుండా మిగిలినది

పర్లాకిమిడిలోని ఒక టోకు వ్యాపార సంస్థలో గత వారం సర్వర్ డిస్కు పాడైంది. పీజీ_బేస్‌బ్యాకప్ అనే నకలు తీసే సాధనంతో తీసి ఉంచిన ప్రతి నుంచి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోని డేటా అంతా తిరిగి వచ్చింది గానీ, గుణుపూర్, కాశీనగర్ శాఖల కంప్యూటర్లకు మాత్రం పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్‌లో, అంటే ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే జాబితా ఫైలులో, మీ చిరునామా లేదన్న జవాబే ఎదురైంది. సెట్టింగుల ఫైళ్లు డేటాతోపాటే ఉండాలా, లినక్స్‌లో సెట్టింగులకు కేటాయించిన ఈటీసీ (/etc) డైరెక్టరీలో ఉండాలా అన్న పాత తగవు దీంతో మళ్లీ రాజుకుంది.

దీని మూలం 2005 జనవరిలో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 8.0 వెర్షన్‌లో ఉంది. ఫైళ్లను వేరేచోట పెట్టుకునేందుకు కాన్ఫిగ్_ఫైల్, హెచ్‌బీఏ_ఫైల్ వంటి పారామీటర్లను అందులో ఇచ్చారు. కానీ కొత్త డేటా డైరెక్టరీని సిద్ధం చేసే ఇనిట్‌డీబీ అనే ఆదేశం మాత్రం ఆ ఫైళ్లను ఎప్పటిలాగే డేటా డైరెక్టరీలోనే సృష్టిస్తూ వచ్చింది. అనుమతి ఇచ్చి ఆనవాయితీని మార్చకపోవడంతో ఎవరి దారి వారిదైంది. లినక్స్ రకాల్లో రెడ్‌హ్యాట్ ప్యాకేజీలు డేటా పక్కనే ఉండిపోగా, డెబియన్, ఉబుంటు ఈటీసీలో వెర్షన్‌కొకటి, క్లస్టర్‌కొకటి (ఒక సర్వర్ నడిపే డేటాబేస్‌ల సమూహమే క్లస్టర్) చొప్పున అరలు కట్టుకున్నాయి.

ఈటీసీ పక్షంవారి వాదన ఇది. మెమరీ ఎంత, ఏ చిరునామా నుంచి ఎవరిని రానివ్వాలి అన్నవి ఆ యంత్రానికి చెందిన సంగతులు. యంత్రపు సెట్టింగులకు ఈటీసీయే చోటని లినక్స్ ఫైల్ వ్యవస్థ ప్రమాణం కూడా చెబుతుంది. అక్కడ ఉంటే మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టి ఎవరు ఏం మార్చారో చూడవచ్చు. ముప్ఫైరెండు జీబీ యంత్రం కోసం రాసిన షేర్డ్_బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ వాడుకునే మెమరీ) విలువ, డేటాతోపాటు ఎనిమిది జీబీ యంత్రంలోకి వచ్చి పడదు. ఒక సర్వర్‌కు ఒకే డైరెక్టరీ ఉంటే నకలు తీయడం తేలికని, రూట్ (యంత్రపు నిర్వాహకుడి) అనుమతి అక్కర్లేదని అవతలివారంటారు.

2014లో 9.4 వెర్షన్ తెచ్చిన ఆల్టర్ సిస్టమ్ అనే, సెట్టింగులను డేటాబేస్ లోపలి నుంచే మార్చే ఆదేశం ఈ రెండు పక్షాల మధ్య గీతనూ చెరిపింది. అది రాసే ఆటో.కాన్ఫ్ ఫైలు డేటా డైరెక్టరీలోనే ఉంటుంది, చివర చదవబడుతుంది కాబట్టి ఈటీసీలో చేత్తో రాసిన విలువ దాని ముందు చెల్లదు. పర్లాకిమిడిలో సర్వర్ ఏ నెట్‌వర్క్ చిరునామాల్లో వినాలో చెప్పే లిజన్_అడ్రసెస్‌ను అలా మార్చి ఉన్నందువల్లే అది ప్రతితోపాటు వచ్చి సర్వర్ తలుపు తెరిచింది. ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే జాబితా మాత్రం పాత డిస్కు ఈటీసీలో ఉండిపోయింది. పీజీ_బేస్‌బ్యాకప్ డేటా డైరెక్టరీని, టేబుల్‌స్పేస్‌లను (డేటా దాచే అదనపు డైరెక్టరీలను) తప్ప మరి దేనినీ తీసుకోదు. షో హెచ్‌బీఏ_ఫైల్ అని అడిగితే ఆ జాబితా దారిని సర్వరే చెబుతుంది. ఆ దారి ఆ సంస్థ బ్యాకప్ స్క్రిప్టులోకి మొన్న శుక్రవారం చేరింది.