నిజాంపట్నం నీళ్ల రంగు వెనుక

నిజాంపట్నం, రేపల్లె వైపు (2022 దాకా గుంటూరు జిల్లాయే, ఇప్పుడు బాపట్ల) రొయ్యల రైతు పొద్దున్నే గట్టు దిగి మోచేతి దాకా చెయ్యి ముంచి చూస్తాడు. అరచెయ్యి మసగ్గా కనబడి, నీళ్లు పలచటి టీ రంగులో ఉంటే స్థిమితపడతాడు. ఆ రంగు డయాటమ్‌లది. గాజులాంటి సిలికా పెంకున్న సూక్ష్మ మొక్కలవి. నీళ్లు చిక్కటి ఆకుపచ్చకు తిరిగితే కంగారే. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. చెరువులో ఇంత జాగ్రత్తగా చూసే రంగును చెరువుల నీరు వదిలే డ్రెయిన్లో (మురుగు కాలువలో), సముద్రపు పాయలో పట్టించుకునేవాళ్లు లేరన్నదే నా బాధ.

ఒకప్పుడు ఆ పాయల రంగు కృష్ణమ్మ చేతిలో ఉండేది. జులై నుంచి అక్టోబరు దాకా వరద ఎగువ నేలల సిలికాను మోసుకొచ్చేది. బురద పేరుకుని ఎండ లోపలికి దిగగానే డయాటమ్‌లు విరివిగా పెరిగేవి. 1967లో నాగార్జునసాగర్, తర్వాత శ్రీశైలం వచ్చాయి. సిలికాలో కొంత జలాశయాల అడుగునే ఉండిపోతోంది. ఏప్రిల్‌లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చూడండి, దిగువన ఇసుక మేటలే. సముద్రానికి పోయే నీరు దాదాపు ఉండదు.

నది ఇలా చిక్కిపోయాకే చెరువులు పెరిగాయి. 1980ల చివర్లో టైగర్ రొయ్య జోరు, 1994-95లో రొయ్యను చంపే తెల్లమచ్చ తెగులు, 1996 డిసెంబరులో తీరానికి దగ్గరి రొయ్యల చెరువులు తీసెయ్యమన్న సుప్రీంకోర్టు తీర్పు, 2005లో వాటిని నిబంధనలతో సాగనిచ్చే తీర ఆక్వా చట్టం. 2009లో వనామీకి (విదేశీ రొయ్య రకం) అనుమతి దొరికాక ఎకరానికి వదిలే పిల్ల పెరిగింది, దాంతో మేతా పెరిగింది.

మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే. మిగతాది బురదకూ నీళ్లకూ పోతుంది. డయాటమ్‌కు నత్రజనితో దాదాపు సమానంగా సిలికా కావాలి. చెరువు మురుగులో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి, వాటికి సరిపడా సిలికా ఉండదు. ఆ తేడా నీలి ఆకుపచ్చ నాచుకూ, డైనోఫ్లాజెల్లేట్లకూ (సిలికా అక్కర్లేని మరో రకం సూక్ష్మజీవులు) కలిసొస్తుంది. వాటిలో కొన్ని విషపూరితం. డయాటమ్‌లను తిని బతికే చిన్న ప్రాణులకూ, వాటిని తినే చేపపిల్లలకూ తిండి మారిపోతుంది.

మొదట ఐదు హెక్టార్లు దాటిన చెరువులకే మురుగు శుద్ధి తప్పనిసరన్నారు, వనామీకి వచ్చేసరికి విస్తీర్ణంతో పని లేకుండా పెట్టారు. కానీ మన దగ్గర చిన్న రైతులే ఎక్కువ. వేసవి పంట పట్టుబడికి మే, జూన్‌లలో చెరువులు డ్రెయిన్లోకి ఖాళీ చేస్తారు, అప్పటికింకా వరద రాదు. ఆ నీరు పోటుకు వెనక్కీ పాటుకు ముందుకీ ఊగుతూ డ్రెయిన్లోనే ఉంటుంది. పక్క రైతు మోటారు వేసి తోడుకునేదీ అక్కడి నుంచే.