పాత మిలిటరీ పానాలు: అపోహలు - వాస్తవాలు

కంచరపాలెంలో నాది చిన్న లేత్ షాపు. పాత ఇనుము కొట్లో దొరికిన పానా పట్టుకుని "అన్నా, ఇది మిలిటరీదేనా?" అంటూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వాళ్లు ముందు ముద్ర చూపిస్తారు. నేను ముందు వెర్నియర్ తీసి నోరు కొలుస్తాను.

అపోహ: "ఇది ఘాజీదండీ, తాతగారు దాచారు."

వాస్తవం: వైజాగ్‌లో ఈ కథ చాలా పానాలకు ఉంది. 1971 డిసెంబరులో మన తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ ఘాజీ 1944లో అమెరికాలో నీటిలోకి దిగిన సబ్‌మెరైన్, అసలు పేరు డయాబ్లో. అప్పటి అమెరికా నట్లన్నీ అంగుళాల లెక్క. మీ పానా మీద 27, 30 అని ఉంటే అవి మిల్లీమీటర్లు. బీచ్ రోడ్డులో ఉన్న మన కురుసుర లాంటి సోవియట్ సబ్‌మెరైన్లలో వాడిన కొలతలవి. అలాగని మెట్రిక్ పానాలన్నీ రష్యావీ కావు, మన దేశంలోనూ బోలెడు చేశారు. ధర కొపెక్కుల్లో, అంటే రష్యా పైసల్లో, కొట్టి ఉంటే మాత్రం అది అక్కడి దుకాణంలో అమ్మిన మామూలు సరుకే.

అపోహ: 3/8 అని కొట్టి ఉంది, నోరేమో 18 మిల్లీమీటర్లుంది. నంబరు తప్పు కొట్టారు.

వాస్తవం: తప్పేమీ లేదు. అది బ్రిటిష్ విట్‌వర్త్ పానా. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరల పద్ధతిలో పానా మీద వేసేది బోల్టు కాడ మందం, నట్టు వెడల్పు కాదు. 3/8 అంగుళం బోల్టు నట్టు వెడల్పు 0.710 అంగుళం, అంటే 18 మిల్లీమీటర్లే. అదే 3/8 అమెరికా జీపు పానా మీద ఉంటే నోరు 9.5 మిల్లీమీటర్లు. ఒకే అంకె, రెండు దేశాలు! రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఉక్కు పొదుపు కోసం బ్రిటిష్ వాళ్లు నట్టును ఒక సైజు తగ్గించారు. అందుకే కొన్ని పానాల మీద రెండేసి కొలతలు కనిపిస్తాయి.

అపోహ: బాణం గుర్తు తిప్పాల్సిన దిక్కు చెబుతుంది.

వాస్తవం: కాకి కాలులా మూడు గీతలు ఒకచోట కలిసే ఆ గుర్తుకు అర్థం బ్రిటిష్ సర్కారు సొత్తు అని. దానితో ఇంగ్లీషు ఐ అక్షరం ఉంటే భారత సైన్యానికి చెందింది. రెండు బాణాల మొనలు ఎదురెదురుగా ఉంటే సర్వీసు నుంచి తీసేసి అమ్మేశారని. ఒకసారి తుప్పు వదిలిద్దామని గ్రైండర్ పెట్టి ఈ గుర్తు నేనే చెరిపేశాను. ఇప్పుడు కిరసనాయిలు, పాత గుడ్డ తప్ప ఇంకేదీ ముట్టను.

అపోహ: పసుపుపచ్చగా మెరిసే పానా ఇత్తడిది, మెరుగు పెట్టి షోకేసులో పెట్టుకోవచ్చు.

వాస్తవం: ఇత్తడి మెత్తన, నట్టు బిగిస్తే నోరు విచ్చుకుంటుంది. ఇవి మందుగుండు గదుల్లో, పెట్రోలు దగ్గర నిప్పురవ్వ రాకుండా చేసినవి. కొన్ని అల్యూమినియం కాంస్యం, కొన్ని బెరీలియం కలిపిన రాగి. బెరీలియం రాగివి అయస్కాంతానికి అంటుకోని గుణం వల్ల సముద్రంలో పెట్టే పేలుడు మైన్ల దగ్గర కూడా పనికొస్తాయి. చూసి తేడా పట్టలేం. బెరీలియం దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మా షాపులో వాటికి గ్రైండింగ్ లేదు, ఎంత బతిమాలినా సరే.

ఇక పానా మీది అక్షరాలు చూసి "డ్రాప్ ఫోర్జ్‌డ్ కంపెనీది" అనేవాళ్లకు: అది కంపెనీ కాదు బాబూ, ఎర్రగా కాల్చిన ఉక్కును అచ్చులో కొట్టి చేశారని అర్థం. పొట్టిగా, తోక లావుగా ఉన్న రింగ్ పానా ట్యాంకుది అని కూడా అంటారు. ఆ తోక సుత్తి దెబ్బ తినడానికి. ఓడ ఇంజన్ గదిలో పెద్ద నట్లకు ఇప్పటికీ అదే వాడుతున్నారు.