విదేశాలకు ఇంటి సామాను, కారు: అపోహలు - వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి విదేశాలకు ఇంటి సామాను పంపించే పని మాది. ప్యాకింగు, కస్టమ్స్ కాగితాలు, ఓడ బుకింగు అన్నీ చూస్తాం. వచ్చినవాళ్లు మొదట అడిగేది ఎంతవుతుందని. దానికంటే ముందు అది అక్కడ పనిచేస్తుందా, అక్కడి చట్టం ఒప్పుకుంటుందా అని అడగాలి. సామాను ఓడెక్కాక ఆ సంగతి తెలిస్తే డబ్బు వెనక్కి రాదు. కూతురి సారె కోసం కొన్న ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గ్రైండర్లను అల్లుడు ఉండే దేశానికి చేర్చాలని ఆశగా వచ్చే తల్లిదండ్రులను చూసే ఇది రాస్తున్నాను.

అపోహ: ట్రాన్స్‌ఫార్మర్ పెడితే మన సామాను అమెరికాలోనూ నడుస్తుంది.

సగమే నిజం. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో చెప్పే లెక్క హెర్ట్జ్). అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని పెంచుతుంది కానీ హెర్ట్జ్‌ని మార్చలేదు. మిక్సీలో ఉండే మోటారుకు హెర్ట్జ్‌తో పెద్దగా పట్టింపు లేదు, సరైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే తిరుగుతుంది. పిండి రుబ్బే గ్రైండర్, మామూలు ఫ్రిజ్ కంప్రెసర్ అలా కాదు. వాటి మోటారు వేగం హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది. 60 హెర్ట్జ్ మీద దాదాపు 20 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతాయి, అందుకు తగ్గట్టు తయారైనవి కావు కాబట్టి వేడెక్కుతాయి.

మిక్సీకి కూడా లెక్క చూసుకోవాలి. 750 వాట్ల మిక్సీకి 750 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ చాలదు. స్విచ్ వేసిన క్షణంలో మోటారు చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, అందుకని కనీసం 1500 వాట్లది తీసుకోమంటాం. దాని బరువే మిక్సీ బరువును మించుతుంది. అక్కడ మామూలు ప్లగ్ పాయింటు 15 ఆంపియర్లది, అంటే మొత్తం మీద 1800 వాట్లే. 2000 వాట్ల కెటిల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుపుదామనే ఆలోచన అక్కడితో ఆగిపోవాలి. పెసరట్టు పిండి మానుకోలేని ఇల్లయితే అమెరికా కరెంటుకు చేసిన, 110 వోల్టులని రాసి ఉండే మిక్సీ, గ్రైండర్ కొనుక్కోండి. మన కంపెనీలే ఆ దేశాల కోసం తయారు చేస్తున్నాయి.

ఇంట్లో స్టెబిలైజర్ ఉంది కదా, అది పంపిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. వేసవిలో మన ఊళ్లలో కరెంటు 180కి పడిపోతే ఎత్తడానికి చేసిన వస్తువది. 120 వోల్టులను 230 చేయడం దాని పని కాదు.

నేను ఎవరికైనా ముందు చెప్పేది ఒకటే. వస్తువును తిప్పి, వెనకో అడుగునో అతికించిన చిన్న ప్లేటు చదవండి. 'ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్ల మీద దాదాపుగా అదే ఉంటుంది. '230 వోల్టులు, 50 హెర్ట్జ్' అని మాత్రమే ఉంటే, పైన చెప్పిన మిక్సీ లాంటిది తప్ప, అమెరికా సంగతి మరిచిపోండి. బ్రిటన్, ఆస్ట్రేలియా, కువైట్, ఖతార్, ఒమన్, దుబాయ్‌లకైతే పనికొస్తుంది, అక్కడా 50 హెర్ట్జే. సౌదీలో మాత్రం వోల్టులు మనవే అయినా హెర్ట్జ్ 60. గల్ఫ్ అంతా ఒకటే అనుకుని పొరబడేది ఇక్కడే.

అపోహ: సీలు విప్పని కొత్త సామానైతే కస్టమ్స్ వాళ్లు పట్టించుకోరు.

జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఇల్లు మారేవాళ్లకు సుంకం మినహాయింపు ఇచ్చేది వాడిన సామానుకు. అమెరికాలో ఇంటి సామాను సుంకం లేకుండా రావాలంటే బయటి దేశంలో కనీసం ఒక ఏడాది వాడి ఉండాలి. బ్రిటన్‌లో ఆరు నెలలు మీ దగ్గరుండి, మీరు వాడి ఉండాలి, ముందుగా దరఖాస్తు కూడా పెట్టుకోవాలి. పెళ్లిలో ఇచ్చిన ఫ్రిజ్‌ని ప్లాస్టిక్ తియ్యకుండా, కొత్తది కొత్తదిలా పంపిస్తేనే గౌరవం అనుకుంటాం. కస్టమ్స్ దృష్టిలో అది కొత్త సరుకు. పెళ్లయిన రెండు నెలలకే వెళ్లే అమ్మాయికి ఈ మినహాయింపు వర్తించదని ముందే తెలుసుకుంటే, ఆ డబ్బు ఆమె చేతిలో పెట్టొచ్చు. అక్కడ అద్దె ఇళ్లలో చాలావాటికి ఫ్రిజ్, పొయ్యి ఇంటితోపాటే వస్తాయి.

ఇక గ్యాస్ స్టవ్ అస్సలు వద్దు. మన స్టవ్ జెట్లు, అంటే గ్యాసు చిమ్మే సన్న రంధ్రం ఉన్న ముక్కలు, సిలిండరు గ్యాసుకు చేసినవి. అక్కడ గొట్టంలో వచ్చే సహజవాయువుకు జెట్టు రంధ్రమే వేరు.

అపోహ: గట్టి చెక్క పెట్టె, చుట్టూ వరిగడ్డి ఉంటే ఏదీ పగలదు.

పగలకపోవచ్చు, దేశంలోకి మాత్రం పోదు. జాడీల మధ్య ఎండుగడ్డి కుక్కడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. అమెరికా, ఆస్ట్రేలియాలు పురుగుల భయంతో గడ్డి ప్యాకింగును ఒప్పుకోవు. అచ్చమైన చెక్కతో చేసిన పెట్టెకైతే వేడిచేసో, మందు పొగ పెట్టో శుద్ధి చేసినట్టు ముద్ర ఉండాలి. ఆ ముద్రలో ఎడమపక్క నిలువుగా ఒక గోధుమ కంకి బొమ్మ, పక్కన దేశం గుర్తు, శుద్ధి చేసిన పద్ధతికి రెండు అక్షరాలు ఉంటాయి. పెట్టె చేయించేటప్పుడు ముద్ర ఎక్కడుందో మీ కళ్లతో చూడండి. ప్లైవుడ్‌కి ఈ నియమం లేదు, అందుకే మేం ఎక్కువగా దాన్నే వాడతాం.

ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు కొబ్బరి పీచు, చీపుళ్లు, మట్టి అంటిన రోలు, సైకిలు చక్రాల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. రోలు పంపించాలంటే కడిగి, ఎండబెట్టి, పగుళ్లలో మట్టి లేకుండా బ్రష్‌తో గీకి పంపండి.

ప్యాకింగు మీరే చేసుకుంటే చాలా బీమా పాలసీల్లో పగిలిన వస్తువుకు డబ్బు రాదు. ఈ మాట సంతకం పెట్టే ముందే అడగాలి.

అపోహ: బరువు తక్కువ కాబట్టి ఖర్చు తక్కువ, కాకినాడ పోర్టు పక్కనే ఉంది కాబట్టి ఇంకా తక్కువ.

కంటెయినరులో కొంత భాగమే తీసుకునేవాళ్లకు ఓడ చార్జీ ఘనపరిమాణాన్ని బట్టి పడుతుంది. 300 లీటర్ల ఫ్రిజ్ ప్యాకింగుతో కలిపి దాదాపు ఒక క్యూబిక్ మీటరు తింటుంది. విమానంలోనైతే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. 60, 50, 50 సెంటీమీటర్ల పెట్టెలో దిళ్లు పెట్టి పంపినా 25 కిలోల డబ్బు కట్టాల్సిందే. కాకినాడ నుంచి ప్రధానంగా వెళ్లేది బియ్యం లాంటి సరుకు. మేం ఇంటి సామాను విశాఖకో చెన్నైకో లారీలో పంపి, అక్కడ ఓడ ఎక్కిస్తాం. కొటేషన్ తీసుకునేటప్పుడు ఇంటి గుమ్మం దాకానా, అవతలి పోర్టు దాకానా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. అవతలి పోర్టులో పడే చార్జీల దగ్గరే ఎక్కువమంది కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

అపోహ: కారు నాదే కాబట్టి తీసుకెళ్లొచ్చు.

ఇష్టపడి కొనుక్కున్న బండిని వదలాలంటే ఎంత బాధో నాకు తెలుసు. కానీ అమెరికా భద్రతా ప్రమాణాలకు తయారుకాని కారును, అది తయారై 25 ఏళ్లు దాటితే తప్ప మామూలుగా రానివ్వరు. కెనడాలో ఆ గడువు 15 ఏళ్లు. మన బండి స్టీరింగు కుడివైపు ఉంటుంది, సౌదీ, యూఏఈల్లో దాన్ని మామూలు వాడకానికి రిజిస్టర్ చేయించుకోలేరు. ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో స్టీరింగు గొడవ లేదు. అయినా ఆస్ట్రేలియాకు బండి ఓడెక్కకముందే దిగుమతి అనుమతి చేతిలో ఉండాలి, ఆస్‌బెస్టాస్ ఉన్న భాగం ఒక్కటి కూడా ఉండకూడదు. అనుమతులు, రవాణా, అక్కడి పరీక్షలు అన్నీ కూడితే మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి గిట్టదు. లోను తీరని బండి అయితే బ్యాంకు ఒప్పుకోనిదే కదలదు.

తిరిగొచ్చేటప్పుడు అక్కడి కారు తెచ్చుకుందామనేవాళ్లూ ఉన్నారు. 1962 కస్టమ్స్ చట్టం ప్రకారం మోటారు వాహనం బ్యాగేజీ కిందికి రాదు. సుంకాలన్నీ కలిపితే కారు విలువనే దాటిపోతాయి.

కాబట్టి చాలామంది ఇక్కడి కారు అమ్మేసే వెళ్తారు. తాళాలిచ్చి డబ్బు తీసుకుంటే పనైపోయిందనుకోకండి. ఫారం 29, 30 నింపి, ఆర్సీ కొన్నవాళ్ల పేరు మీదకి మారేదాకా వెంటపడండి. బండి చేతులు మారినా, ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్న యజమానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. టికెట్టు తేదీకి ముందే ఆర్టీఏ ఆఫీసు పని ముగించుకోండి. లేదంటే మీరు వెళ్లాక ఇక్కడున్న నాన్నగారిని ఆ ఆఫీసు చుట్టూ తిప్పాల్సి వస్తుంది.