బంతి లోపలి రబ్బరు

కొత్త ఫుట్‌బాల్‌కు నిన్న నిండుగా గాలి కొట్టారు, ఈ సాయంత్రానికి మెత్తబడింది. మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరోంచలో అయితే పిల్లలు ముందు వాల్వును, తరువాత దుకాణదారును అనుమానిస్తారు. తప్పు ఇద్దరిదీ కాకపోవచ్చు. లోపల గాలిని పట్టి ఉంచే సంచిని, అంటే బ్లాడర్‌ను, ఏ రబ్బరుతో చేశారో అడగాలి.

చెట్టు పాల నుంచి వచ్చే సహజ రబ్బరులో అణువులు పొడవాటి గొలుసులు. అవి క్షణం కూడా కుదురుగా ఉండవు. తన్నినప్పుడు సాగి, వెంటనే మళ్లీ ముడుచుకుంటాయి కనుక బంతి కాలి నుంచి చురుగ్గా దూసుకుపోతుంది. కానీ ఆ కదలికల సందుల్లోంచే గాలి మెల్లగా జారిపోతుంది. బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరులో గొలుసు పొడవునా మిథైల్ గుంపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల చిన్న గుంపులు) జంటలుగా ఇరుక్కుని, దాన్ని సులువుగా మెలి తిరగనివ్వవు. గాలికి దారి దొరకదు. లారీ ట్యూబులు దానితో చేసేది అందుకే. అయితే ఆ మందకొడితనమే దెబ్బలోని శక్తిలో కొంత భాగాన్ని వేడిగా మార్చి, ఎగురుడు తగ్గిస్తుంది. గాలిని నిలిపే గుణమూ, ఎగురుడు తగ్గించే గుణమూ ఒకటే! రబ్బరులో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఇదే. గాలి పంపు అందుబాటులో లేని బడికి మాత్రం బ్యూటైల్ బ్లాడరే కొనమంటాను.

మే నెలలో గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పచ్చి రబ్బరైతే ఆ వేడికి జిగురైపోయేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కలిపి వేడిచేసి, గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసే పద్ధతి కనుక్కోవడంతో ఆ బెడద తీరింది. అంతకు మూడు వేల ఏళ్ల ముందే మెక్సికో ప్రాంత ప్రజలు రబ్బరు పాలతో బంతులు చేసి ఆడారు.

టెన్నిస్ నిబంధనల ప్రకారం 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన మామూలు బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకు లేవాలి. గాలి నింపిన బంతి 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే లోపలి పీడనం సుమారు 8 శాతం పెరుగుతుంది, రబ్బరూ చురుకవుతుంది. మధ్యాహ్నం టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేటప్పుడు అది బ్యాటరు అంచనాను మించి లేవడానికి ఇదొక కారణం.

రబ్బరును నిజంగా పాడుచేసేది ఎండ, గాలిలోని ఓజోన్. సహజ రబ్బరు గొలుసుల్లో కార్బన్ పరమాణువులను కలిపే జంట బంధాలను ఓజోన్ వాయువు తెంచుతుంది, అదీ సాగి ఉన్నచోట ముందుగా. వ్యాయామానికి వాడే పాత రబ్బరు పట్టీల మీద అడ్డంగా కనిపించే చీలికలు దాని గుర్తులే. బ్యూటైల్‌లో జంట బంధాలు చాలా తక్కువ కనుక అది ఎక్కువకాలం తట్టుకుంటుంది. సెలవుల్లో బంతిలో కొంత గాలి తీసి నీడలో ఉంచండి. బ్యాటు గ్రిప్పును మాత్రం కిరోసిన్‌తో తుడవకండి, సహజ రబ్బరైతే దాన్ని పీల్చుకుని ఉబ్బిపోతుంది.